ఎనిమిది కిలోలు తగ్గాక ముల్లు కదలట్లేదు, ఇంకా తగ్గించి తినాలా?

లెడ్జర్

అందరికీ నమస్తే. నా వయసు 41, ఎత్తు 162 సెంటీమీటర్లు. అకౌంట్స్ పని, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కుర్చీలోనే. మొదలుపెట్టినప్పుడు 84 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువో కాదో చెప్పే అంకె) 32. తీపి పానీయాలు పూర్తిగా మానేశాను, రాత్రి భోజనం సగం చేశాను, రోజూ ముప్పావు గంట నడుస్తున్నాను. మొదట్లో గబగబా దిగింది, తర్వాత నిదానించింది, 76 దగ్గర ఆగిపోయింది. 75.8, 76.3, 76.1, మళ్లీ 75.9. నెలల తరబడి ఇదే వరస.

యాప్‌లో అన్నీ రాసుకుంటాను. రోజుకి 1200 క్యాలరీలు చూపిస్తుంది. మా ఆయన నాతోపాటే మొదలుపెట్టారు, నాకన్నా ఎక్కువ తింటూ నాకన్నా ఎక్కువ తగ్గారు. చూస్తుంటే ఒళ్లు మండుతోంది. థైరాయిడ్ పరీక్ష చేయించాను, మామూలుగానే ఉంది. రాత్రి పదయ్యేసరికి విపరీతమైన ఆకలి, ఇంతకుముందు ఇలా ఉండేది కాదు.

నా మెటబాలిజం చచ్చిపోయిందా? 800కి దిగితే కదులుతుందా? ఓపిక పట్టమని మాత్రం చెప్పకండి, అది డాక్టరు గారు చెప్పేశారు.

నడకరాయుడు

ఇందులో పెద్ద సైన్సేం లేదండీ. లోపలికి వెళ్లేది తగ్గాలి, ఖర్చయ్యేది పెరగాలి. 1200 తింటే ఎవరైనా తగ్గి తీరాలి. తగ్గట్లేదంటే అంత తక్కువేం తినట్లేదు. నోరు కట్టుకోండి, నడక రెట్టింపు చేయండి. షుగర్ ఉన్నవాళ్లకే 800 క్యాలరీల డైట్ ఇచ్చి జబ్బును వెనక్కి తిప్పారు, మీకేమవుతుంది?

పాత డైటీషియన్

నడకరాయుడు గారి సూత్రం తప్పు కాదు. కాకపోతే ఆ సూత్రానికి రెండు వైపులా ఉన్న అంకెలు బరువు తగ్గేకొద్దీ మారిపోతుంటాయి. ఆ ముక్క చెప్పకుండా నోరు కట్టుకోమంటే వినేవాళ్లకి సిగ్గు మిగులుతుంది, కిలోలు అలాగే ఉంటాయి. ఈ పనిలో నా జుట్టు నెరిసింది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఏమీ అనుకోకండి.

లెడ్జర్ గారూ, లెక్కలు మీకు అలవాటే కాబట్టి లెక్కతోనే వస్తాను. మేము వాడే ఒక సూత్రం ఉంది, 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జోర్. దాని ప్రకారం 84 కిలోలున్నప్పుడు మీ ఒంటికి ఊరికే పడుకుని ఉన్నా రోజుకి దాదాపు 1490 క్యాలరీలు కావాలి. ఇప్పుడు 76కి 1410 చాలు. కూర్చుని చేసే పని, మీ నడక కలిపితే మొత్తం ఖర్చు 1900 ప్రాంతంలో ఉంటుంది. మెటబాలిజం చావలేదు, చిన్నదైన ఒంటికి తగ్గట్టు చిన్నదైంది, అంతే. మీవారి సంగతి కూడా ఇందులోనే ఉంది. ఒకే ఎత్తు, ఒకే బరువు, ఒకే వయసు అనుకున్నా ఈ సూత్రం మగవాళ్లకి 166 క్యాలరీలు ఎక్కువ వేస్తుంది. కండ ఎక్కువ ఉండటం వల్ల వచ్చే తేడా అది. ఆయన మీద మంట తగ్గించుకోండి.

అసలు కథ ఆకలి వైపు ఉంది. తగ్గిన ప్రతి కిలోకి ఒంటి ఖర్చు రోజుకి 20-30 క్యాలరీలు పడిపోతే, ఆకలి మాత్రం 100 క్యాలరీల దాకా పెరుగుతుందని 2016లో అమెరికా పరిశోధకుడు కెవిన్ హాల్ వాళ్ల బృందం లెక్కగట్టింది. మీ ఎనిమిది కిలోలకి వేసుకోండి. ఖర్చు రెండు వందలు తగ్గింది, ఆకలి ఎనిమిది వందలు పెరిగింది! కొవ్వు కణాలు తయారుచేసే లెప్టిన్ అనే హార్మోన్ ఉంది, 1994లో కనిపెట్టారు. కొవ్వు కరిగితే అదీ తగ్గుతుంది, మెదడుకి 'నిల్వలు అయిపోతున్నాయి' అని కబురు అందుతుంది. కడుపు నుంచి వచ్చే గ్రెలిన్ పెరిగి ఇంకా తినమంటుంది. బరువు తగ్గిన ఏడాది తర్వాత చూసినా ఈ హార్మోన్లు పాత స్థితికి రాలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అందుకే ఊబకాయాన్ని బద్ధకం ఖాతాలో రాసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. కవలల మీద చేసిన అధ్యయనాల్లో బరువు తేడాల్లో సగానికి అటూ ఇటూగా వంశపారంపర్యమే అని తేలింది. దానికితోడు నిద్ర, మందులు, కుర్చీ ఉద్యోగం, చేతికి అందేంత దూరంలో ప్యాకెట్ తిండి.

ఆ ప్యాకెట్ తిండి గురించి ఒక ముక్క. 2019లో అమెరికాలో ఇరవై మందిని ఆస్పత్రిలోనే ఉంచి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. వడ్డించిన చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింట్లోనూ సమానం. తినగలిగినంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి దగ్గర రోజుకి 500 క్యాలరీలు ఎక్కువ లాగించారు, దాదాపు కిలో పెరిగారు. రెండో రకంలో అంతే తగ్గారు. మనుషులు వాళ్లే, మారింది పళ్లెం.

ఇక మీకు నచ్చని మాట. ఖర్చు 1900 అయి, మీరు నిజంగా 1200 తింటుంటే ముల్లు దిగాలి. దిగట్లేదంటే యాప్‌కి ఎక్కనిది ఏదో ఉంది. అబద్ధం చెబుతున్నారని అనట్లేదు. 1992లో 'ఎంత తక్కువ తిన్నా తగ్గట్లేదు' అన్నవాళ్లని కొలిచి చూస్తే, రాసుకున్నదానికీ తిన్నదానికీ దాదాపు సగం తేడా వచ్చింది. మా డైటీషియన్లని కొలిచినా తక్కువే రాస్తారు, అది మనిషి తత్వం. 1200 అనుకున్నది 1800 అయినప్పుడు, 800 అనుకుంటే ఎంతవుతుందో మీరే చూడండి.

నా అనుభవంలో దొంగ ఎక్కువసార్లు నూనె. గ్రాము నూనెకి 9 క్యాలరీలు. పెద్ద చెంచాడు పోస్తే 120. చెంచాతో కొలిచి పోసేవాళ్లు ఎంతమంది? సీసా వంచుతాం, చాలనిపించినప్పుడు ఆపుతాం. వారం మొదట్లో నూనె సీసాని వంటింటి త్రాసు మీద పెట్టి బరువు రాసుకోండి, వారం చివర మళ్లీ తూచండి. తేడాని ఇంట్లో తినేవాళ్ల సంఖ్యతో, ఏడుతో భాగించండి. ఇంకేం మార్చకండి, ఈ ఒక్క పని చేసి వచ్చి చెప్పండి.

800 గురించి. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ట్రయల్ నిజమే, 2017లో ఫలితాలు వచ్చాయి. దాదాపు సగం మందికి ఏడాదికల్లా షుగర్ మందుల అవసరం లేని స్థాయికి దిగింది. కానీ వాళ్లకి ఇచ్చింది పోషకాలన్నీ కలిపిన సూపులు, షేకులు, అదీ మూడు నుంచి ఐదు నెలలు. షుగర్, బీపీ మాత్రలు మొదటి రోజే ఆపించి, వెంట నర్సునో డైటీషియన్‌నో ఉంచారు. ఇంట్లో ఎవరికి వాళ్లు పళ్లెం సగం చేసుకోవడం, అదీ ఒకటి కాదు. కొవ్వుతోపాటు కండా పోతుంది, మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వస్తాయి. వద్దు.

నడకరాయుడు

సూపులు, షేకుల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ నడక రెట్టింపు చేయమనడంలో తప్పేముంది?

పాత డైటీషియన్

తప్పు లేదు, ఫలితం మీరనుకున్నంత ఉండదు. ఆవిడ ముప్పావు గంట నడకకి ఖర్చయ్యేది 150, మహా అయితే 200 క్యాలరీలు. గుప్పెడు గింజలు తింటే అదంతా తిరిగొచ్చేస్తుంది. బరువు దించేది ఎక్కువగా వంటిల్లు. దించిన బరువుని పెరగనీకుండా పట్టి ఉంచడంలో నడక గొప్పది, గుండెకి, నిద్రకి, షుగర్‌కి కూడా. నేనైతే ఆవిడ నడకని అలాగే ఉంచి, వారానికి రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం కలుపుతాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి పుషప్స్, వీటితో మొదలుపెట్టినా చాలు. కండ కరగకుండా ఉండాలంటే ప్రొటీన్ కూడా కావాలి. కిడ్నీ జబ్బు లేకపోతే కిలో బరువుకి 1.2 గ్రాముల చొప్పున, ఆవిడకి రోజుకి 90 గ్రాములు. గుడ్డుకి 6 గ్రాములే వస్తుంది, కాబట్టి పప్పులు, పాలు, చేప, మాంసం, ఏది తింటే అది పూటపూటకీ పళ్లెంలో ఉండాలి. ఒక్క రాత్రి భోజనంలో సర్దితే కుదరదు.

గురకరాజా

ఆకలి గురించి పాత డైటీషియన్ గారు రాసింది చదివి మా ఆవిడకి చూపించాను. నా బీఎంఐ 38, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) ఉండి రాత్రి మాస్కు పెట్టుకుని పడుకునేవాణ్ణి. తిన్న అరగంటకే మళ్లీ తిండి ధ్యాస, మీటింగులో కూర్చున్నా అదే. డాక్టరు గారు ఆకలి తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ రాశారు, వారానికి ఒకటి. మొదటి నెలలు వికారం, మలబద్ధకం బాగా ఇబ్బంది పెట్టాయి. కానీ తలలో తిండి గోల ఆగిపోయింది. పళ్లెంలో సగం వదిలేసి లేవడం జీవితంలో మొదటిసారి చూశాను. ఈ మందు మీద 2021లో వచ్చిన ట్రయల్‌లో 68 వారాలకి సగటున 15 శాతం బరువు తగ్గారు. ఆపేస్తే ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చిందనీ వాళ్లే రాశారు, అది కూడా తెలిసే వాడుతున్నాను. బీపీ మాత్ర ఏళ్ల తరబడి వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు, దీనికి మాత్రం 'అడ్డదారి' అంటారు!

లెడ్జర్ గారికి ఇదే కావాలని కాదు. నిద్ర ఎలా ఉంది? గురక, పగలు తూగడం ఉంటే చూపించుకోండి.

లెడ్జర్

సీసా తూచాను. వారంలో 500 గ్రాములు తగ్గింది. ఇద్దరమే. అంటే మనిషికి రోజుకి 36 గ్రాములు, 320 క్యాలరీలు. యాప్‌లో నేను వేసుకుంటున్నది రెండు చిన్న చెంచాలు, 90. ఒక్క నూనె పద్దులోనే 230 తేడా! ఆడిటర్ చూస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తాడు. వంట చేస్తూ రుచి చూసేది, ఆఫీసులో ఎవరి పుట్టినరోజుకో తినే కేకు ముక్క కూడా ఎక్కడా రాయలేదు.

గురకరాజా గారూ, గురక లేదు కానీ నిద్ర అడిగారు కాబట్టి చెబుతున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టక డాక్టరు గారు మిర్టాజపీన్ రాశారు, రాత్రి పడుకునే ముందు. నిద్ర బాగా పడుతోంది. ఇప్పుడు పాత రికార్డు తీసి చూస్తే, ముల్లు ఆగిందీ ఆ మాత్ర మొదలైందీ ఒకే నెలలో. దీనికీ దానికీ ఏమైనా సంబంధం ఉందా? మానేసి చూడనా?

పాత డైటీషియన్

మీ అంతట మీరు మానకండి. ముందు ఇది చదివి తర్వాత మిగతాది.

సంబంధం ఉంది. మిర్టాజపీన్ ఆకలి పెంచడం, బరువు పెంచడం బాగా తెలిసిన సంగతే. ఒక్కోసారి తిండి తినలేని రోగులకి ఆ గుణం కోసం కూడా ఇస్తారు. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, ఫిట్స్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్, ఒలాంజపీన్ లాంటి మానసిక వైద్యంలో వాడే మందులు కూడా ఈ జాబితాలోవే. బరువు చూసే డాక్టరు ఒకరు, మాత్ర రాసే డాక్టరు ఒకరు అయితే ఈ రెండింటినీ కలిపి చూసేవాళ్లే ఉండరు. మీరు ఆ రికార్డు పేజీ తీసుకెళ్లి మాత్ర రాసిన డాక్టరు గారికే చూపించండి. 'ఇది మొదలైన నెల, ఇది బరువు ఆగిన నెల, బరువు మీద ఇంత ప్రభావం లేని మందు ఏదైనా నాకు సరిపోతుందా' అని అడగండి. మార్చాలో, ఇంకొన్నాళ్లు ఉంచాలో ఆయన నిర్ణయం. ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టదు, టెన్షన్ తిరిగొస్తుంది, ఒళ్లు కూడా తేడా చేస్తుంది. నిద్ర చాలకపోయినా ఆకలి పెరుగుతుంది, అదొకటి.

ఇంకో సంగతి మీరు పట్టించుకోలేదు. ఆ మాత్ర వేసుకుంటూ కూడా 76 దగ్గరే నిలబడ్డారు. 84లో ఎనిమిది కిలోలంటే తొమ్మిదిన్నర శాతం. అమెరికాలో షుగర్ రాబోయే దశలో ఉన్నవాళ్ల మీద చేసిన పెద్ద ట్రయల్‌లో (2002) 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల కదలిక, ఇదే పెట్టుకున్న లక్ష్యం. దాంతోనే షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో తగ్గింది 31. మీరు ఆ గీత దాటేశారు.

నూనె సీసా లెక్క కొనసాగించండి. మనిషికి రోజుకి 20 గ్రాములకి తెస్తే చాలు, వేరే తిండి ఇప్పుడే కోయకండి. ముల్లుని రోజూ చూసి బాధపడకుండా వారం సగటు మాత్రమే రాసుకోండి. ఉప్పు ఎక్కువైనా, నెలసరి ముందైనా కిలో, కిలోన్నర నీరు అటూ ఇటూ అవుతుంది. మీరు మొదట్లో గబగబా తగ్గినదాంట్లో కూడా కొంత నీరే.

లెడ్జర్

అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. టేపుతో నడుము కూడా కొలవమని ఎక్కడో చదివాను, బొడ్డు దగ్గర కొలవాలా, ప్యాంటు కట్టే చోటా? రెండు చోట్లా కొలిస్తే ఆరు సెంటీమీటర్లు తేడా వస్తోంది.

పాత డైటీషియన్

రెండూ కాదు. పక్కన చేత్తో తడిమితే చివరి పక్కటెముక తగులుతుంది, కింద తుంటి ఎముక పై అంచు తగులుతుంది. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక. పొట్ట లోపలికి లాగకండి, టేపు చర్మాన్ని నొక్కకూడదు. కొలత మీ ఎత్తులో సగం లోపు ఉండాలి, అంటే 81 సెంటీమీటర్ల కింద. నెలకోసారి చాలు, ప్రతిసారీ అదే చోట. డాక్టరు గారి దగ్గరికి వెళ్లేముందు ఒకసారి కొలిచి ఆ పేజీలోనే రాసుకోండి, మందు మారిస్తే పోల్చుకోవడానికి పనికొస్తుంది.