పాత కారు బాడీ ఇంట్లోనే బాగుచేయాలి, పుట్టీతో సరిపోతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడిన కారు ఒకటుంది, అరవైల నాటిది, చాలా ఏళ్లుగా షెడ్డులోనే పడి ఉంది. ఇంజిన్ సంగతి తర్వాత చూసుకుంటాను, ముందు బాడీ సరిచేయాలి. పైకి బాగానే కనిపిస్తుంది కానీ తలుపుల అడుగున పెయింట్ బుడగలు కట్టింది, తలుపుల కింద పొడుగునా ఉండే సిల్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఒకచోట లోపలికి దిగిపోయింది. మిగ్ వెల్డింగ్ (మెషీన్ నుంచి సన్నని వైరు వస్తూ అతికించే రకం) కొంచెం వచ్చు, పెయింటింగ్ ఎప్పుడూ చేయలేదు. తుప్పు గీకేసి, ఫైబర్ గ్లాస్ అతికించి, మీద పుట్టీ పెట్టి రంగు వేస్తే ఆగుతుందా? నాన్నగారికి ఈ కారంటే ప్రాణం, ఏదో తూతూమంత్రంగా చేయడం నాకిష్టం లేదు.

జవాబు 1:
సిల్‌లోకి స్క్రూడ్రైవర్ దిగిందంటే అక్కడ పుట్టీ మాట మర్చిపోండి. ముందు మీ కారుకి విడిగా ఛాసిస్, అంటే బాడీ కింద బరువు మోసే ఇనుప ఫ్రేమ్, ఉందో లేదో చూడండి. లేకపోతే బరువు మోసే భాగాల్లో సిల్ ఒకటి, దాన్ని ఫైబర్‌తో కప్పితే కంటికి నిండుగా ఉంటుందే తప్ప బలం రాదు. పైగా పుట్టీ తేమ పీల్చుకుంటుంది, కింద కాస్త తుప్పు మిగిలినా మళ్లీ అవే బుడగలు. ఒక చిన్న అయస్కాంతానికి మెత్తని గుడ్డ చుట్టి బాడీ అంతా మెల్లగా జరిపి చూడండి, ఎక్కడ పట్టు వదులవుతుందో అక్కడ ఇంతకుముందే ఎవరో పుట్టీ మందంగా పూసి ఉంటారు. దొరికిన ప్రతిచోటా చాక్‌పీస్‌తో గీత గీసి ఫోటో తీసుకోండి. గ్రైండర్ పట్టుకోవడం ఆ తర్వాతే.

ఇంకో ముఖ్యమైన సంగతి. సిల్ కోసే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప రాడ్లు వెల్డ్ చేసి బిగించాలి. ఇది చేయకుండా కోస్తే బాడీ కొద్దిగా కుంగుతుంది, తర్వాత ఎంత మంచి రేకు వేసినా తలుపు సరిగ్గా మూసుకోదు. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోండి.

జవాబు 2:
పై ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను దుమ్ము గురించి చెబుతాను, ఎవరూ పట్టించుకోరు కాబట్టి. అరవైల నాటి పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా రుద్దితే ఆ దుమ్ము మీ ఊపిరితిత్తుల్లోకే కాదు, బట్టలకంటుకుని ఇంట్లో పిల్లల దాకా వెళ్తుంది. తడిపి రుద్దండి, లేదా పెయింట్ రిమూవర్ వాడండి. మంచి ఫిల్టర్ మాస్క్ తప్పనిసరి, ఆ బట్టలు విడిగా ఉతకండి. ఇసుకతో బ్లాస్టింగ్ చేయించమని ఎవరైనా అంటే బానెట్, రూఫ్ లాంటి వెడల్పాటి రేకుల మీద మాత్రం వద్దనండి, అలలు అలలుగా వంగిపోతాయి, మళ్లీ సరికావడం చాలా కష్టం.

జవాబు 3:
బ్రదర్, వెల్డింగ్ కొంచెం వచ్చన్నారు కాబట్టి ముందు పనికిరాని రేకు మీద చేయి తిప్పుకోండి. 0.6 ఎంఎం వైరు పెట్టండి. బయటి ప్యానెల్ మీద పొడుగ్గా ఒకే గీత లాగొద్దు, ఇక్కడో చుక్క, దూరంగా అక్కడో చుక్క, చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాక మధ్యలో ఇంకోటి. తొందరపడితే వేడికి రేకు ముడుచుకుంటుంది. కుళ్లిన భాగం చుట్టూ మెరిసే గట్టి రేకు వచ్చేదాకా కోయాలి, పల్చబడిన అంచుకి వెల్డ్ పట్టదు, కాలి రంధ్రం పడుతుంది. మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీసేయండి, దగ్గర్లో పెట్రోల్ ట్యాంక్ ఉంటే అదీ దించేయండి. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట అస్సలు వెల్డ్ చేయొద్దు, క్లోరిన్ ఉన్న రకమైతే ఆ వేడికి విషవాయువు పుడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్. అయస్కాంతం పెట్టి చూశాను, వెనక చక్రం పైన మడ్‌గార్డు దగ్గర అసలు పట్టుకోవడం లేదు. టెన్షన్ పట్టుకుంది. అయితే పుట్టీ అసలు వాడకూడదా? రేకు పని అయ్యేలోపు ప్రైమర్ కొట్టి బయట ఉంచొచ్చా?

జవాబు 1:
టెన్షన్ వద్దండీ, మడ్‌గార్డు పాత కార్లన్నిటికీ పోయే చోటే. పుట్టీ వాడొచ్చు, కానీ సుత్తి, డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ)లతో సొట్ట వీలైనంత తీశాక మిగిలిన కొద్దిపాటి ఎత్తుపల్లాలకే. 3 ఎంఎం దాటుతోందంటే రేకు పని ఇంకా మిగిలి ఉన్నట్టే. మామూలు ప్రైమర్ నీటిని ఆపదు, తేమ లోపలికి వెళ్లి కింద తుప్పు మొదలవుతుంది. రేకు బయటపడ్డ చోట ఎపాక్సీ ప్రైమర్ వేసి షెడ్డులోనే ఉంచండి.

ఆఖరి టాప్‌కోట్ మాత్రం స్ప్రే బూత్ ఉన్నవాళ్లకి ఇచ్చేయమంటాను. హార్డెనర్ కలిపే రెండు భాగాల పెయింట్లలో ఐసోసయనేట్లు అనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి, వాటికి మామూలు మాస్క్ చాలదు, బయటినుంచి గాలి అందించే మాస్క్ కావాలి. రేకు పని, పుట్టీ, రుద్దడం మీ చేతుల మీదుగా జరిగితే బాడీ పనిలో పెద్ద భాగం మీరే చేసినట్టు. పెయింట్ అయ్యాక సిల్‌లోపల, తలుపుల లోపల వ్యాక్స్ స్ప్రే చేయండి, అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా ఒక తీగతో పొడిచి చూసుకోండి.