చేప కడుపులో యోనా చేసింది పశ్చాత్తాప ప్రార్థనేనా?

పాత_ప్రతి: బైబిల్లో యోనా ప్రవక్త కథ తెలిసిందే: నినెవె నగరానికి వెళ్లి హెచ్చరించమని దేవుడంటే ఓడెక్కి తర్షీషుకు పారిపోబోయాడు, తుఫానులో ఓడవాళ్లు సముద్రంలో పడేస్తే పెద్ద చేప మింగింది. చేప కడుపులో అతను చేసిన ప్రార్థన ఉన్న యోనా గ్రంథం రెండో అధ్యాయాన్ని పశ్చాత్తాపానికి ఆదర్శంగా చెప్పడం చిన్నప్పటి నుంచీ వింటున్నాను. నిన్న రాత్రి ఒక్కో మాటా పట్టుకుని చదివాను. "తప్పు చేశాను" అన్న మాట ఎక్కడా లేదు. నినెవె ఊసు లేదు, తర్షీషుకు బయల్దేరిన సంగతీ లేదు. పైగా "నువ్వే నన్ను అగాధంలో పడేశావు" అంటాడు. పడేసింది ఓడవాళ్లు, పడెయ్యమన్నది తనే (1:12)!

సాగరతీరం: అంత తొందరగా తీర్పు చెప్పకండి. ఓడవాళ్ల చేతుల వెనక దేవుడి చేయి చూడటం విశ్వాసమే కదండీ. ఇది కీర్తనల బాణీలో సాగే కృతజ్ఞతా గీతం. అందులో పాపపు ఒప్పుకోలు వెతికితే ఎలా? యూదులు యోమ్ కిప్పూర్ (పాప ప్రాయశ్చిత్త దినం) ఉపవాసం రోజున మధ్యాహ్న ప్రార్థనలో ఈ గ్రంథం చదువుతారు. ఊరికే చదువుతారా?

హీబ్రూ_విద్యార్థి: మూలంలో ఒక చిత్రమైన విషయం ఉంది. మింగిన చేప "దాగ్", అంటే మగది. ప్రార్థన చేసిన చోట "దాగా", ఆడది. మధ్యయుగపు యూదు పండితుడు రాషీ వ్యాఖ్యానం ఏమంటుందంటే, మగ చేప కడుపు విశాలంగా ఉంది, యోనాకు ప్రార్థించాలనే అనిపించలేదు. అప్పుడు దేవుడు పిల్లలతో నిండిన ఆడ చేపలోకి మార్పించాడు. అక్కడ ఇరుకై, ఊపిరాడక నోరు తెరిచాడు. మూడు రోజులు ఎందుకు మౌనంగా ఉన్నాడన్న ప్రశ్న పాతవాళ్లకూ వచ్చిందన్నమాట.

పాత_ప్రతి: చాలా థాంక్స్ అండీ, ఇది నాకు తెలియదు. సాగరతీరం గారూ, యోమ్ కిప్పూర్ మాట నిజమే. కానీ ఆ గ్రంథంలో చెడు మార్గం విడిచింది నినెవెవాళ్లు. దేవుడు వాళ్ల గోనెపట్ట, ఉపవాసం చూశాడని రాయలేదు, వాళ్ల క్రియలు చూశాడని రాసి ఉందని యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనం మిష్నా (తఅనిత్ 2:1) గట్టిగా చెబుతుంది.

సాగరతీరం: సరే, క్రియలే చూద్దాం. రెండోసారి పిలుపు రాగానే యోనా లేచి వెళ్లాడు (3:3). అది క్రియ కాదా? మాటల్లో లేనిది నడకలో ఉందంటాను.

పాత_ప్రతి: వెళ్లాడు, ఒప్పుకుంటాను. అయితే 4:2 కూడా చదవండి. "ప్రార్థించాడు" అనడానికి అక్కడా అదే హీబ్రూ క్రియ. ఆ ప్రార్థనలో ఏమన్నాడు? నువ్వు దయగలవాడివని తెలిసే నేను పారిపోయాను అన్నాడు. మొదటి ప్రార్థనలో దాచుకున్న మాట అదేనని నా నమ్మకం. చేప కడుపులో ప్రాణం దక్కినందుకు దండం పెట్టాడు. నినెవె బతకడం మాత్రం అతనికి అప్పుడూ ఇష్టం లేదు.