హెచ్‌పీవీ టీకా గురించి చెప్పేటప్పుడు ఖమ్మం సంగతి ఎత్తాలా, వద్దా?

కిన్నెరసాని (చర్చ మొదలుపెట్టినవారు)

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో సైన్స్ టీచర్ని. ఆడపిల్లల తల్లిదండ్రులను పిలిచి హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్) టీకా మీద సమావేశం పెడుతున్నాం, మాట్లాడే పని నాకు అప్పజెప్పారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎలా వస్తుంది, 9 నుంచి 14 ఏళ్ల లోపే ఎందుకు వేయించాలి, ఇవి చెప్పడానికి నాకేం ఇబ్బంది లేదు. కానీ ముందుగా అందరం కూర్చున్నప్పుడు ఒకరు అన్నారు: "మేడమ్, ఆ 2009 గొడవ మాత్రం ఎత్తకండి. మర్చిపోయినవాళ్లకు మనమే గుర్తుచేసినట్టవుతుంది."

తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో: 2009 జూలైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి ఈ టీకా వేశారు. పాథ్ అనే అమెరికా సంస్థ, కేంద్రం వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. గుజరాత్‌లో వడోదరలో కూడా జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేయించింది. అప్పుడు సూది వేయించుకున్న పిల్లలు చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉన్నవాళ్లు.

ఆ పిల్లలే ఇప్పుడు తల్లులు. వాళ్ల అక్కచెల్లెళ్లు, వదినలు నా సమావేశానికి వస్తారు. నేను చెప్పాలనే అనుకుంటున్నాను. మీరేమంటారు?

స్టెతస్కోప్_సారు

వద్దు మేడమ్. విజయవాడలో పిల్లల డాక్టర్ని, రోజూ తల్లిదండ్రులతో మాట్లాడేవాణ్ని కాబట్టి చెబుతున్నాను. ఆ ఏడు మరణాల్లో ఒకటి నీటి గుంతలో మునిగి, ఒకటి పాముకాటు, రెండు పురుగుమందు తాగి, ఒకటి మలేరియాతో. మిగిలిన రెండింటికి కారణం అంత స్పష్టంగా తేలకపోయినా, టీకా వల్ల అయ్యే అవకాశం చాలా తక్కువనే విచారణ సంఘం చెప్పింది. ఇదంతా వివరంగా విన్న మనిషి ఇంటికెళ్లి ఏం గుర్తుపెట్టుకుంటాడు? "ఏడుగురు చనిపోయారట." మిగతాది గాలికి పోతుంది.

జపాన్ చూడండి. కొందరు అమ్మాయిలకు నొప్పులు వచ్చాయని టీవీల్లో పదేపదే చూపించారు. 2013 జూన్‌లో అక్కడి ప్రభుత్వం టీకాను నిషేధించలేదు, "మేం గట్టిగా సిఫారసు చేయం" అని మాత్రం అంది. 70 శాతం దగ్గర ఉన్న టీకాలు ఒక శాతం లోపుకి పడిపోయాయి. మళ్లీ సిఫారసు మొదలైంది 2022లో. మన దేశంలో ఏటా సుమారు లక్షా 27 వేల మందికి ఈ క్యాన్సర్ వస్తోంది, 80 వేల మంది దాకా చనిపోతున్నారు. మీరు రేపిన అనుమానం వల్ల ఒక అమ్మాయి టీకా మానేస్తే, దాని ఫలితం ఇంకో ముప్ఫై ఏళ్లకు బయటపడుతుంది. అప్పుడు ఎవరినీ అడగలేం.

మూడోలైను

సార్ చెప్పిన లెక్కలు సరే. మాది తిరుమలాయపాలెం దగ్గర. మా మేనకోడలు అప్పుడు హాస్టల్లో ఉండి చదువుకునేది. సెలవులకు ఇంటికొచ్చి జబ్బ చూపించి "సూది వేశారు" అంటే గానీ మా అక్కకు తెలియలేదు. దేనికని అడిగితే పిల్లకూ తెలియదు. ఆ పిల్లకు ఏమీ కాలేదు, ఇద్దరు పిల్లల తల్లి, బాగుంది. కానీ మా అక్క ఈరోజుకీ సూది అనగానే అడిగే మొదటి మాట "సంతకం ఎవరు పెడతారు?" ఇక్కడ మర్చిపోయినవాళ్లు ఎవరండీ?

నల్లకోటు

ఆ అక్కగారు అడిగింది సరైన ప్రశ్న. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. తల్లిదండ్రులు బతికుండగా, బస్సెక్కితే వచ్చేంత దూరంలో ఉండగా.

డాక్టర్ గారు మరణాల గురించే వాదిస్తున్నారు. అది తేలిపోయిన విషయం. తేలనిది అడగకపోవడం. దాని మీద కేంద్రం వేసిన విచారణ సంఘం కూడా లోపాలు ఎత్తిచూపింది. ఇంకోటి, 2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు బడుల్లో వేసే తట్టు, రుబెల్లా టీకా కేసులో తల్లిదండ్రుల సమ్మతి అక్కర్లేదన్న వైఖరిని ఒప్పుకోలేదు. ఎవరికి వేయకూడదో, దుష్ప్రభావాలేమిటో ప్రకటనల్లోనే చెప్పమంది. చెబితే భయపడతారని అక్కడ కూడా వాదించారు.

నిప్పురవ్వ

అంతా కంపెనీల ఆట. గిరిజన పిల్లల మీద ప్రయోగం చేశారు, ఇప్పుడు అందరి మీదా చేస్తారు. ఇందులో చర్చ ఎందుకు?

స్టెతస్కోప్_సారు

చూశారా కిన్నెరసాని గారూ, ఇదే నేను చెప్పేది. తలుపు కొంచెం తెరిస్తే చాలు.

@నిప్పురవ్వ, టీకాకు అనుమతి అప్పటికే ఉంది. అక్కడ చూడాలనుకున్నది ఊళ్లలో దాన్ని ఎలా అందించాలనేది. పార్లమెంటరీ సంఘం దాన్ని ప్రయోగంగానే చూసిందని ఒప్పుకుంటాను, ఆ మాట మీద ఇంకా వాదన ఉంది. అయితే ఒక విచిత్రం వినండి. అదే సమయంలో దేశంలో వేరే చోట్ల రెండు డోసులు చాలా, మూడు కావాలా అని ఇంకో అధ్యయనం నడుస్తోంది, 17 వేల మందికి పైగా అమ్మాయిలతో. ఖమ్మం గొడవతో దాన్నీ ఆపేశారు. దాంతో దాదాపు 5 వేల మంది ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. వాళ్లను పదేళ్లు గమనిస్తే క్యాన్సర్ ఎక్కువగా తెచ్చే 16, 18 రకాల హెచ్‌పీవీ వైరస్ మొండిగా తిష్ఠ వేయకుండా ఆ ఒక్క డోసే 95 శాతం దాకా అడ్డుకుందని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలనడానికి ఆధారాల్లో ఇదీ ఒకటి. కంపెనీల ఆటే అయితే మూడు అమ్ముకునేది ఒకటికి దిగుతుందా?

సబ్‌సెంటర్_అక్క

ఏఎన్ఎంని. ఇందాకటి నుంచీ చదువుతున్నాను. తల్లిదండ్రులకు ఏం చెప్పాలి అని అందరూ కొట్టుకుంటున్నారు. చెప్పేవాళ్లకు ఏం నేర్పారో ఎవరూ అడగట్లేదు.

మాకు నేర్పేవి ఇవి: టీకా ఎంత చలిలో ఉంచాలి, వయల్ మీద రంగు గుర్తు ఎలా చూడాలి, సూది ఏ కోణంలో, యాప్‌లో ఎంట్రీ ఎలా. ప్రతి టీకా తర్వాత తల్లికి నాలుగు మాటలు చెప్పాలి: ఒకటి, ఏ టీకా, ఏ జబ్బు రాకుండా వేశాం; రెండు, మళ్లీ ఎప్పుడు రావాలి; మూడు, ఏ ఇబ్బంది రావచ్చు, వస్తే ఏం చేయాలి; నాలుగు, కార్డు జాగ్రత్త. బుధవారం, శనివారం వచ్చి మా దగ్గర కూర్చోండి. క్యూ చూస్తే మూడో మాట ఎందుకు మింగేస్తామో మీకే తెలుస్తుంది. మొదటిది, నాలుగోది మాత్రం నిద్రలో కూడా చెబుతాం.

పసిపిల్లల టీకాకు అలా నడిచిపోతుంది. పదమూడేళ్ల పిల్ల తల్లి ఊరుకోదు. నన్ను అడిగినవి చెబుతున్నాను: "మీ అమ్మాయికి వేయించారా?" "పెద్దమనిషి కాకముందే వేస్తే పిల్లలు పుట్టరట గదా?" "మా పిల్ల అట్లాంటిది కాదు, దానికెందుకు ఈ జబ్బు టీకా?" ఈ మూడోదానికి శిక్షణలో జవాబు దొరకదు. వైరస్‌కు మంచి పిల్ల, చెడ్డ పిల్ల తేడా తెలియదని, పెళ్లి చేసుకుని పద్ధతిగా ఉన్న ఆడమనిషికీ భర్త ద్వారా సోకుతుందని చెప్పాలి. తల్లి ముందు, అత్త ముందు, ఒక్కోసారి మామ ముందు చెప్పాలి. ఎట్లా చెప్పాలో నాకు ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను.

ఇంకో సంగతి. ఒక తల్లి పట్నంలో డాక్టరు దగ్గరికి వెళ్లి అడిగితే, "ఇప్పుడెందుకమ్మా, పెళ్లయ్యాక చూసుకోవచ్చు" అన్నారట. వైరస్ సోకకముందు వేస్తేనే బాగా పనిచేసే టీకా ఇది! తర్వాత ఆ తల్లి నా మాట వింటుందా, ఆ తెల్లకోటు మాట వింటుందా? మా ఆశా కార్యకర్త ఆ ఇంటికి తిరిగి తిరిగి అలసిపోయింది. కాబట్టి అవగాహన ముందు ఎవరికి కావాలో మీరే చెప్పండి.

ఖమ్మం సంగతి అంటారా. నాకు తెలిసింది పేపర్లో చదివిందే. ఎవరైనా అడిగితే ఇది చెప్పు అని ఒక్క కాగితం ఇవ్వలేదు. అడిగితే నీళ్లు నములుతాను. నేను నీళ్లు నమలడమే వాళ్లకు జవాబు.

డల్లాస్_నాన్న

అమెరికాలో ప్రతి టీకాకు ముందు ఒక కాగితం చేతిలో పెట్టాలని 1986 నాటి చట్టం. లాభం, ప్రమాదం, ఎవరు వేయించుకోకూడదు అన్నీ అందులో ఉంటాయి. నిజం చెప్పాలంటే చాలామంది చదవరు, మేమూ కారులో పడేశాం. పనికొచ్చింది డాక్టర్ "మీకేమైనా సందేహాలున్నాయా" అని అడిగి, కుర్చీ లాక్కుని కూర్చోవడం. ఇక్కడ మగపిల్లలకు కూడా వేస్తారు, మావాడికి వేయించాం. ఇండియాలో మా తమ్ముడికి చెబితే "అది ఆడపిల్లలది కదా" అని నవ్వాడు.

స్టెతస్కోప్_సారు

అక్క చెప్పిన ఆ డాక్టరు మాట దారుణం. కానీ ఆశ్చర్యం లేదు. మేం చదివిన రోజుల్లో టీకాల పట్టిక బట్టీ పట్టించారు, అనుమానంతో వచ్చిన తల్లితో ఎలా మాట్లాడాలో ఒక్క క్లాసూ లేదు. 2019లో వచ్చిన కొత్త సిలబస్‌లో రోగితో మాట్లాడే తీరుకు విడిగా చోటిచ్చారు. ఇప్పటికే ప్రాక్టీసులో ఉన్నవాళ్ల సంగతేమిటి? ఆరోగ్య సిబ్బందికి ముందు నేర్పాలి, ఒప్పుకుంటాను. ఐర్లండ్‌లో కూడా ఈ టీకా 87 శాతం నుంచి 51 శాతానికి పడిపోతే, ముందు నర్సులకు, డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, క్యాన్సర్ వచ్చిన లారా బ్రెనన్ అనే యువతి స్వయంగా ముందుకొచ్చి మాట్లాడాక మళ్లీ నిలబడింది.

అయినా ఖమ్మం పేరు సమావేశంలో మైకులో చెప్పాలనడం వేరు. అడిగితే చెప్పండి. అడగకముందే ఎందుకు?

నల్లకోటు

మైకు ముందు లేచి అడిగే ధైర్యం ఎవరికుంటుంది సార్? అడగాల్సింది గిరిజన గూడేల నుంచి వచ్చే తల్లులు. వాళ్లు అడగరు. ఇంటికెళ్లి వాట్సాప్‌లో వీడియో చూసే కొడుకును అడుగుతారు.

మూడోలైను

అవును. మా అక్క కూడా సమావేశంలో నోరు విప్పదు. పిల్లను ఆ రోజు బడికి పంపదు, అంతే.

సబ్‌సెంటర్_అక్క

చెప్పకపోతే ఏమవుతుందో మేం ఇదివరకే చూశాం. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో టీకాలు వేశాక జ్వరానికి ఇవ్వాల్సిన పారాసెటమాల్ బదులు గట్టి నొప్పులకు వాడే ట్రామడాల్ మాత్రలు ఇచ్చారు. పసిపిల్లలు చనిపోయారు. టీకాలో దోషం లేదు. కానీ మా వైపు ఊళ్లకు చేరిన వార్త "టీకా వికటించి" అనే. అసలు సంగతి మాకే ఆలస్యంగా తెలిసింది. ఆ వారం ఎంతమంది తల్లులు నా మొహం చూసి తలుపేసుకున్నారో! తప్పు ఎక్కడ జరిగిందో మాకు వెంటనే చెప్పి ఉంటే, ఇంటింటికీ తిరిగి చెప్పేవాళ్లం. ఇప్పుడు నేను మాత్ర ఇచ్చేటప్పుడు తల్లికే పేరు చూపించి ఇస్తాను.

ఇంకొకటి మేడమ్, మీ సమావేశంలో తప్పకుండా చెప్పండి. ఈ వయసు పిల్లలు సూది చూసి కళ్లు తిరిగి పడిపోతారు. ఒకర్ని చూసి ఇంకొకరు. ముందే చెబితే మామూలు సంగతి, చెప్పకపోతే అదే సాయంత్రానికి వీడియో. పిల్లలు తిని రావాలి, కూర్చోబెట్టి వేయాలి, అరగంట కదలనివ్వొద్దు. వేసే గదిలోకి మిగతా పిల్లలు తొంగిచూడకుండా తలుపుకు దుప్పటి కట్టండి.

కిన్నెరసాని

అందరికీ థ్యాంక్స్. చెప్పాలనే తేల్చుకున్నాను. ఇదీ నేను చెప్పబోయే మాట, చదివి దిద్దండి:

"2009లో మన దగ్గర ఈ టీకా వేశారు, మీలో కొందరికి గుర్తుంటుంది. ఏడుగురు పిల్లలు చనిపోయారని విన్నారు. ఆ మరణాలకూ టీకాకూ సంబంధం విచారణలో కనబడలేదు. కానీ చాలామంది తల్లిదండ్రులను అడగకుండా వార్డెన్లతో సంతకం పెట్టించారు, అది తప్పు. ఈసారి మీ సంతకం లేకుండా మీ పిల్లకు టీకా వేయరు. ఆలోచించుకోండి, ఇంట్లో మాట్లాడుకోండి. వద్దంటే మీ పిల్లను బడిలో ఎవరూ ఏమీ అనరు, ఆ హామీ నాది. సూది వేసిన చోట నొప్పి, కొంచెం జ్వరం, కళ్లు తిరగడం ఉండొచ్చు. ఇంకేదైనా వస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి."

స్టెతస్కోప్_సారు

రెండు మార్పులు. మొదటిది, "ఏడుగురు" తీసేయండి, "కొందరు పిల్లలు" చాలు. రెండోది, టీకా వేయించుకున్నా 30 ఏళ్లు దాటాక ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాలని కలపండి. ఈ క్యాన్సర్లలో 70 శాతం 16, 18 రకాల వల్ల వస్తాయి, మిగతావి ఉన్నాయి కదా. అక్కడే కూర్చున్న తల్లులకూ ఆ పరీక్ష అవసరం, వాళ్లకు ఎవరూ చెప్పరు.

కిన్నెరసాని

రెండోది కలిపాను సార్, తల్లుల మాట నాకు తట్టలేదు. మొదటిది మార్చను. "కొందరు" అంటే మా ఊళ్లో అది సాయంత్రానికి డెబ్బై అవుతుంది.

సబ్‌సెంటర్ అక్కా, ఆ నంబరు దగ్గర ఎవరి పేరు రాయను? ఆఫీసు నంబరు రాస్తే ఎవరూ ఎత్తరు.

సబ్‌సెంటర్_అక్క

మీ ఊరి ఏఎన్ఎం పేరు, నంబరు రాయండి. ఆమెను ముందే అడిగి రాయండి, రాత్రి పది తర్వాత కూడా ఫోన్లు వస్తాయని చెప్పి. సమావేశంలో మీ పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టండి, వెనక నిలబెట్టొద్దు.