హాక్నీ ఐప్యాడ్ ల్యాండ్‌స్కేప్‌లు: చూపు పెరిగిందా, పట్టు తగ్గిందా?

బొగ్గుగీత

బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ అంటే ఇష్టం లేక కాదు, ఉండబట్టే అడుగుతున్నా. 2007లో ఇంగ్లండ్ యార్క్‌షైర్‌లోని వార్టర్ దగ్గరి చెట్లను 50 కాన్వాసుల మీద వేసి, అన్నీ పేర్చి 12 మీటర్ల పొడవున్న ఒకే బొమ్మగా నిలబెట్టిన మనిషి ఆయన. 2010 నుంచి చేతికి ఐప్యాడ్ వచ్చింది, ఇక అందరూ ఆహా ఓహో. 2011లో అదే యార్క్‌షైర్‌లో వోల్డ్‌గేట్ అనే దారి మీద వసంతం రావడాన్ని గీసిన సిరీస్ చూడండి. తెర మీద భలే ఉంటాయి. అవే మీటరు దాటిన ప్రింట్లయ్యేసరికి తేలిపోతాయి. ఆకులన్నీ ఒకే అచ్చు చుక్కలు, గడ్డి మొత్తం ఒకే మందం గీతలు, ఎక్కడా రంగు పేరుకున్న జాడ ఉండదు. పరికరం మోజులో ఆయన ల్యాండ్‌స్కేప్ పలచబడిందని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

తూర్పుకిటికీ

నేను కాదంటా. 2009లో ఆయన యార్క్‌షైర్‌లోనే బ్రిడ్లింగ్టన్ ఊళ్లోని ఇంట్లో మంచం మీంచే కిటికీలోంచి సూర్యోదయాలు ఐఫోన్ మీద గీశాడు. ఆ పని ఆయిల్‌తో ఎలా చేస్తారు? రంగులు కలపాలంటే లైటు వేయాలి, లైటు వేశాక బయట ఆ మసక వెలుతురు ఇంకేం కనిపిస్తుంది! తెర తనంతట తానే వెలుగుతుంది కాబట్టే చీకటి విచ్చుకోవడం గీయగలిగాడు. పైగా వసంతం మనకోసం ఆగదు. నిన్న మొగ్గ, ఇవాళ ఆకు. రంగు ఆరేదాకా కూర్చుంటే అది కాస్తా దాటిపోతుంది.

మోజు అన్నారు కాబట్టి ఇంకో మాట. 1841లో జాన్ రాండ్ రేకు ట్యూబులు కనిపెట్టాకే రంగులు సంచిలో వేసుకుని ఆరుబయటికి పోవడం తేలికైంది, మారే వెలుతురును పట్టుకోవాలని చూసిన మోనే లాంటి ఇంప్రెషనిస్టు చిత్రకారులు దాన్ని బాగా వాడుకున్నారు. మోనే ల్యాండ్‌స్కేప్‌లను ట్యూబు మోజు అని ఎవరైనా కొట్టిపారేస్తారా?

బొగ్గుగీత

ట్యూబులోంచి వచ్చేది రంగేనండీ, అదే నూనె, అదే జిగురు. అద్దం మీద స్టైలస్ జారుతుంటే చేతికి అడ్డు తగిలేది ఏముంది? కాగితం కాస్త ఎదురు తిరగాలి, అప్పుడే చెయ్యి ఆలోచిస్తుంది.

దారిమలుపు

ఇద్దరూ పరికరం దగ్గరే ఆగిపోయారు. ఆరుబయట, ఎదురుగా, అప్పటికప్పుడు గీయాలన్నవి హాక్నీకి ఎప్పుడూ షరతులు కావు. 1998 నాటి గారోబీ హిల్ బొమ్మ తీసుకోండి, యార్క్‌షైర్ కొండదారి అది, వేసింది లాస్ ఏంజెలెస్‌లో, జ్ఞాపకంలోంచి. దారి మెలికలు తిరుగుతూ కిందికి దిగిపోతుంది, పొలాలు పలకల్లా పైకి లేస్తాయి, ఏ కెమెరాకీ ఆ కొండ అలా దొరకదు. కెమెరాతో ఆయన పేచీ కూడా అక్కడే: ఒంటికన్నుతో, ఒక్క చోట నిలబడి, ఒక్క క్షణం చూస్తుందని. 1986లో కాలిఫోర్నియాలోని పియర్‌బ్లాసమ్ హైవేని వందల ఫొటోలు అతికించి చేసింది ఆ పేచీతోనే.

కాబట్టి నేను అడిగేది ఒకటే, బొమ్మలో చూపు కదులుతోందా లేదా? ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఏడాదంతా మారే రుతువుల మీద చేసిన బొమ్మ దాదాపు 90 మీటర్ల పొడవుంటుంది. బయూ వస్త్రపటం (గుడ్డ మీద కుట్టిన మధ్యయుగాల కథ, సుమారు 70 మీటర్లు) చూసిన ఊపులో చేసింది. అందులో కలిపినవన్నీ ఐప్యాడ్ బొమ్మలే. మీరు పక్కన నడవాలి, నడుస్తుంటే చలికాలం పోయి పూత వస్తుంది, ఎండలు ముదురుతాయి. అక్కడ ఒక్కో గీత బరువు ఎవరూ తూచరు. అదే పనిముట్టుతో చేసిన ఒక బొమ్మని విడిగా పెంచి, ఫ్రేము కట్టి, ఎదురుగా బెంచీ వేస్తే బొగ్గుగీత గారు చెప్పిన లోపాలన్నీ పైకి తేలతాయి. తప్పు ఐప్యాడ్‌ది కాదంటాను, పెంచడానిది.

తూర్పుకిటికీ

పెంచడం గురించి ఒప్పుకుంటా. కొన్ని ప్రింట్లు నాకూ పోస్టర్లలాగే అనిపిస్తాయి, ముఖ్యంగా ఆ పచ్చలు.

బొగ్గుగీత

సరే, అయితే 2013 సంగతి చెప్పండి. అన్ని ఐప్యాడ్ బొమ్మల తర్వాత అదే వోల్డ్‌గేట్‌కి బొగ్గుతో వెళ్లాడు. ఐదు చోట్లు, ఒక్కో చోటు ఐదు సార్లు, మొత్తం 25. రంగే లేదు. కొమ్మల నలుపు కొన్నిచోట్ల గట్టిగా నొక్కింది, కొన్నిచోట్ల వేలితో రుద్ది మసకబార్చింది, దారి మీద వెలుగు కావాల్సిన చోట కాగితాన్ని ఊరికే వదిలేశాడు. ఆ తెలుపు ఏ యాప్‌లోనూ ఉండదు. తెర సరిపోయి ఉంటే మళ్లీ మసి పూసుకోవడం ఎందుకు?

తూర్పుకిటికీ

ఎందుకంటే ఆ దారిలో ఏ చెట్టు ముందు చిగురిస్తుందో, ఏ గట్టు మీద నీడ ఆలస్యంగా కదులుతుందో అప్పటికి ఆయనకు కంఠతా వచ్చేసింది, నేర్పింది ఐప్యాడే. పైగా బొగ్గు దగ్గర ఆగిపోలేదు కదా, 2020 నార్మండీ వసంతం మళ్లీ ఐప్యాడ్ మీదే, లండన్ రాయల్ అకాడమీలో పెట్టినవే 116.

బొగ్గుగీత

116 అని లెక్క చెప్తే ఎలా అండీ, అందులో ఆ 25 పక్కన నిలబెట్టగలిగేవి ఏవో చెప్పండి. తెర సైజులోనే ప్రింట్ తీసి పెట్టమనండి, అప్పుడు నేనూ ఇంకోసారి చూస్తా.