నాస్‌కి కాపీ 11 ఎంబీ దాటట్లేదు, పైగా కట్ పేస్ట్ చేసిన పెళ్ళి ఫోటోలు సగం బూడిద రంగు

కడప_స్టూడియో:
అన్నలూ, తల వాచిపోయింది, కాస్త దారి చెప్పండి. మాది కడపలో ఏడురోడ్ల దగ్గర చిన్న ఫోటో స్టూడియో. రెండు డెస్క్‌టాప్‌లు, ఒక ల్యాప్‌టాప్, సంక్రాంతికి కొన్న నాస్ (అన్ని పీసీలూ నెట్‌వర్క్ మీద వాడుకునే స్టోరేజ్ డబ్బా) ఒకటి, అందులో 4 టీబీ డ్రైవులు రెండు మిర్రర్‌లో, అంటే ఒకదాంట్లో పడింది రెండోదాంట్లోనూ పడేలా, ఉన్నాయి. పెళ్ళి అయిన మర్నాడు కెమెరా కార్డులన్నీ పీసీలోకి దించి, అక్కడి నుంచి నాస్‌లోకి కట్ పేస్ట్ చేస్తాను. దేవుని కడపలో మొన్న చేసిన పెళ్ళి ఒక్కటే 180 జీబీ. మొదలుపెడితే సెకనుకు 11.2 ఎంబీ, గీత గీసినట్టు అక్కడే, పైకి పోదు కిందికి రాదు. నాలుగున్నర గంటలు కూర్చోవాలి.

అది ఒక బాధ. నిన్న సాయంత్రం మధ్యలో కరెంటు పోయింది. పీసీకి యూపీఎస్ ఉంది, నాస్ మాత్రం గోడ సాకెట్‌లో ఉంది, టప్పున ఆగిపోయింది. మళ్ళీ వచ్చాక చూస్తే తలంబ్రాల ఫోటోలు ఓ పదిహేను దాకా పైసగం బాగున్నాయి, కిందసగం బూడిద. పీసీలో వెతికితే లేవు, కట్ చేశాను కదా! కార్డులు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే పెళ్ళికూతురి నాన్నకు ఏ మొహం చూపించాలి. నాస్ మార్చాలా? అమ్మినాయన ఎస్‌ఎస్‌డీలు వేసుకోమంటున్నాడు.

అనంత_కేబుల్:
ఎస్‌ఎస్‌డీ మాట పక్కనపెట్టు తమ్ముడూ. 11 అన్న అంకెలోనే జబ్బు తెలిసిపోతోంది. 100 మెగాబిట్ లైన్‌ని 8తో భాగిస్తే 12.5 మెగాబైట్లు, అటూ ఇటూ పోను చేతికొచ్చేది 11 చిల్లర. అంటే దారిలో ఎక్కడో గిగాబిట్ (1000 మెగాబిట్) కాకుండా 100 దగ్గర కట్టుబడిపోయింది. మామూలు హార్డ్ డిస్క్ అయినా పెద్ద ఫైళ్ళకి 100 ఎంబీ పైనే ఇస్తుంది, పాపం దాని తప్పేం లేదు.

విండోస్‌లో ఈథర్‌నెట్ సెట్టింగ్స్ తెరిచి లింక్ స్పీడ్ చూడు, 100 ఉందా 1000 ఉందా. 100 ఉంటే ముందు నెట్‌వర్క్ స్విచ్ (పీసీలు, నాస్ కేబుళ్ళన్నీ కలిసే డబ్బా) తిప్పి అడుగున స్టిక్కర్ చదువు, ఆ తర్వాత కేబుల్ చూడు. 100కి కేబుల్‌లో ఆరెంజ్, గ్రీన్ తీగల జంటలు చాలు, గిగాబిట్‌కి బ్లూ, బ్రౌన్ కూడా తగలాలి, ఆ బ్లూ, బ్రౌన్ తీగల్లో ఒక్కటి తగలకపోయినా చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. మా అనంతపురంలో సీసీ కెమెరాల వాళ్ళు ఒకే కేబుల్‌ని చీల్చి రెండు కనెక్షన్లు లాగేస్తుంటారు, అట్లాంటిది ఉందేమో కూడా చూసుకో.

రాత్రి_ఎడిటర్:
స్పీడు సంగతి అన్న చెప్పాడు. నాకు భయం వేసింది మాత్రం ఆ కట్ పేస్ట్ చూసి. నాస్ ‘రాసేశాను’ అన్నా చివర వచ్చిన ఫైళ్ళు కాసేపు దాని ర్యామ్‌లోనే (కరెంటు పోతే చెరిగిపోయే మెమరీ) ఉండొచ్చు, డిస్క్ మీదకి ఇంకా దిగి ఉండవు. ఆ మాట నమ్మి విండోస్ ఇక్కడ తీసేస్తుంది, అంతలో కరెంటు పోతే రెండు చోట్లా లేనట్టే. కాపీయే చెయ్ అన్నా, కొన్ని తెరిచి చూసుకో, రెండో కాపీ ఇంకో డ్రైవులో పడ్డాకే తీసెయ్. మిర్రర్ ఉంది కదా అనుకోకు, నువ్వు డిలీట్ కొడితే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది.

విండోస్‌లోనే రోబోకాపీ అని ఫైళ్ళు కాపీ చేసే కమాండ్ ఉంది, అది వాడు. స్లాష్ ఇ పెడితే సబ్ ఫోల్డర్లన్నీ వస్తాయి, స్లాష్ జెడ్ పెడితే తెగిన ఫైల్ తెగిన చోటు నుంచి అందుకుంటుంది, కాకపోతే కొంచెం నెమ్మది. మళ్ళీ నడిపితే అయిపోయినవి వదిలేసి మిగిలినవే తీసుకుంటుంది. ఆర్ 2 (రెండుసార్లే మళ్ళీ ప్రయత్నించు), డబ్ల్యూ 5 (మధ్యలో 5 సెకన్లు ఆగు) తప్పకుండా పెట్టు. పెట్టకపోతే ఒక ఫైల్ మొండికేసినప్పుడు 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, నిజంగానే, డీఫాల్ట్ అదే.

పొద్దుటూరు_ఆల్బమ్స్:
ఎవరైనా రోబోకాపీలో ఎంఐఆర్ ఆప్షన్ పెట్టమంటే మాత్రం వినొద్దు బ్రో. పీసీలో లేనివి నాస్‌లో ఉంటే అది తుడిచేస్తుంది. నేను పీసీ డ్రైవ్ నిండిందని ఫోల్డర్ ఖాళీ చేసి, రాత్రి ఎప్పటిలాగే అదే కమాండ్ నడిపి పడుకున్నా. పొద్దున నాస్ కడిగిన పళ్ళెం. ఆ నెల గురించి ఇంక అడగొద్దు.

కడప_స్టూడియో:
అనంత అన్నా, నీ నోట్లో చక్కెర పొయ్యాలి. స్విచ్ సీసీ కెమెరాలతో వచ్చిన పాతది, అడుగున 10/100 అని ఉంది, మూడేళ్ళుగా దాని మీద దుమ్ము తుడుస్తూ ఎప్పుడూ చదవలేదు. గిగాబిట్‌ది తెచ్చి పెట్టా. ఒక పీసీ వెంటనే 110 అందుకుంది, రెండోది ఇంకా 11 దగ్గరే. దాని ప్లగ్ లైటుకి పట్టి చూస్తే బ్రౌన్ తీగ చివరిదాకా పోనే లేదు, సగంలో వంగి ఉంది. కోసి కొత్త ప్లగ్ కొట్టించా. 180 జీబీ అరగంటలోపే ఎక్కింది!

ఒక్కటే అనుమానం. వాట్సాప్‌కి పంపే చిన్న జేపెగ్‌లు వేలల్లో ఉన్న ఫోల్డర్ మాత్రం 20 దాటట్లేదు.

అనంత_కేబుల్:
అది మామూలే. ప్రతి చిన్న ఫైల్‌కీ తెరువు, రాయి, మూయి అని అటూ ఇటూ మాట్లాడుకోవడానికే టైం పోతుంది. రోబోకాపీలో ఎంటీ 8 పెడితే ఎనిమిది ఒకేసారి పోతాయి, లేదంటే జిప్ చేసి ఒకే మూటగా పంపెయ్. నాస్‌కి యూపీఎస్ పెట్టావా?

కడప_స్టూడియో:
పెట్టా అన్నా, స్విచ్ కూడా దానికే.

రాత్రి_ఎడిటర్:
యూపీఎస్ నుంచి నాస్‌కి యూఎస్‌బీ తీగ? అది తగిలించి సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తేనే బ్యాటరీ అయిపోయే ముందు నాస్ తనంతట తాను షట్‌డౌన్ అవుతుంది.

కడప_స్టూడియో:
ఆ తీగ ఎందుకిచ్చారో తెలియక డబ్బాలోనే వదిలేశా. డబ్బా అటక మీదుంది, నిచ్చెన తెస్తున్నా.