పోయిన మెయిల్ సర్వర్ పేరుని డైరెక్టరీలోంచి చేత్తో తీసేయొచ్చా?

భీమవరం అడ్మిన్:
అందరికీ నమస్కారమండి. మాది రొయ్యల ఎక్స్‌పోర్ట్ ఆఫీసు, కాకినాడలో చిన్న బ్రాంచి కూడా ఉంది. పాత ఎక్స్ఛేంజ్ 2013 (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) బాక్సు కరెంటు పోయి వచ్చేటప్పుడు రెండు డిస్కులూ పోయి మళ్లీ లేవలేదండి. మెయిల్‌బాక్సులన్నీ ముందే 2019కి మార్చేశాం కాబట్టి పని ఆగలేదు, కానీ కన్సోల్‌లో ఆ పేరు అలాగే ఉండిపోయింది, పొద్దున్నే అకౌంట్స్ వాళ్లు అవుట్‌లుక్ తెరిస్తే ఆ పేరుతోనే సర్టిఫికెట్ హెచ్చరిక వస్తోంది. మెషీనే లేదు కదా, యాక్టివ్ డైరెక్టరీని (ఆఫీసు అకౌంట్లు, సర్వర్ల వివరాలుండే చోటు) నేరుగా దిద్దే ఏడీఎస్ఐ ఎడిట్‌లోకి వెళ్లి డిలీట్ కొట్టేస్తే సరిపోదా? ఇంకోటండి, అక్కడే ఎఫ్‌వైడీఐబీఓహెచ్‌ఎఫ్23ఎస్‌పీడీఎల్‌టీ అంటూ ఏదో పిచ్చి పేరుతో గ్రూపు కనపడుతోంది, అదీ పాతదేనేమో, తీసేయనా?

తణుకు:
సర్వర్ పేరు తీసేయండి, ఏం కాదు. నేను రెండు చోట్ల చేశాను. కాన్ఫిగరేషన్, సర్వీసెస్, మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్, అలా లోపలికి వెళ్తే సర్వర్స్ కింద పాత పేరు ఉంటుంది, దాన్నొక్కదాన్నే తీయాలి. అయిదు నిమిషాల పని.

అమలాపురం:
ఆగండి ఆగండి. ముందు ఆ పిచ్చి పేరు జోలికి అస్సలు వెళ్లొద్దు భీమవరం గారూ, అది చెత్త కాదు, ఒక్కో అక్షరాన్ని, అంకెని ఒకటి వెనక్కి జరిపి చదవండి, ఎక్స్ఛేంజ్12రాక్స్ అని వస్తుంది, తయారుచేసినవాళ్లు అలా పెట్టారు. మీ బతికున్న 2019 సర్వర్ కూడా దాని కిందే ఉంది, అది పోతే మెయిలే పోయినట్టు. పైగా కాన్ఫిగరేషన్ భాగం ఫారెస్ట్‌లో (మీ మొత్తం డైరెక్టరీలో) ఉన్న ప్రతి డొమైన్ కంట్రోలర్‌కీ (డైరెక్టరీ కాపీ ఉంచే సర్వర్) వెళ్తుంది, మీరు భీమవరంలో కొట్టిన డిలీట్ కాకినాడలోనూ పడుతుంది.

తణుకు గారూ, మీకు ఏం కాలేదు, నాకు అయింది. ఇదివరకు పనిచేసిన ఒక రైస్ మిల్లు ఆఫీసులో నేనూ ఇలాగే చేశాను, సర్వర్‌తో పాటు దాని డేటాబేస్ పేరూ తీసేశాను. అందులో ఇంకా పదకొండు మంది మెయిల్‌బాక్సులున్నాయని చూసుకోలేదు. డేటాబేస్ పేరు పోగానే వాళ్ల అకౌంట్లలో మెయిల్‌బాక్స్ ఏ డేటాబేస్‌లో ఉందో చెప్పే హోమ్‌ఎండీబీ అనే గడి ఖాళీ అయిపోయింది, ఒక్కొక్కటీ తెరిచి చూస్తుంటే చేతులు వణికాయండి. బయటికి మెయిల్ పంపే సెండ్ కనెక్టర్‌కి సోర్సుగా ఆ సర్వర్ ఒక్కటే ఉండేది, అదీ ఖాళీ, బయటికి వెళ్లాల్సిన మెయిళ్లన్నీ క్యూలో ఆగిపోయాయి. శనివారం మధ్యాహ్నం మొదలెట్టింది ఆదివారం రాత్రికి గానీ తేలలేదు. తూము మూసేముందు ఆ నీళ్లు ఎవరి చేలకి పోతున్నాయో చూస్తాం కదా, ఇదీ అంతే.

సరైన దారి ఏంటంటే, యాక్టివ్ డైరెక్టరీలో పాత కంప్యూటర్ అకౌంట్‌ని డిలీట్ చెయ్యకుండా రీసెట్ చేసి, అదే పేరుతో, అదే విండోస్ వెర్షన్‌తో ఒక వీఎం (వర్చువల్ మెషీన్) లేపి, సెటప్‌ని రికవర్‌సర్వర్ మోడ్‌లో (డైరెక్టరీలో ఉన్న వివరాలతోనే సర్వర్‌ని తిరిగి కట్టేది) నడిపి, తర్వాత మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చెయ్యడం. అన్‌ఇన్‌స్టాల్‌కి ఏది అడ్డుందో అదే ఆగి చెప్తుంది, డిలీట్ బటన్ చెప్పదు.

తణుకు:
అమలాపురం గారూ, మీ బాధ అర్థమైంది, కానీ 2013కి సపోర్ట్ 2023 ఏప్రిల్ 11నే అయిపోయింది. పాత సర్వర్‌లో ఏ సీయూ (క్యుములేటివ్ అప్‌డేట్) ఉందో సరిగ్గా అదే తెచ్చుకుని, పాత విండోస్ ఎక్కించి, పోయిన మెషీన్ కోసం ఒక రోజంతా కూర్చోవాలంటే ఒక్కడే ఉన్న చోట ఎలాగండీ? మెయిల్‌బాక్సులు, కనెక్టర్లు అన్నీ ఖాళీ అని చూసుకుని, డొమైన్ కంట్రోలర్ సిస్టమ్ స్టేట్ బ్యాకప్ (డైరెక్టరీ కూడా అందులో ఉంటుంది) తీసుకుని చేస్తే చేత్తో తీసినా తప్పు లేదనే అంటాను.

అమలాపురం:
ఆ చూసుకోవడం దగ్గరే మనిషి తప్పు చేస్తాడని నా భయమండి. డైరెక్టరీని చేత్తో దిద్దితే మైక్రోసాఫ్ట్ కూడా సపోర్ట్ ఇవ్వదు. ఒక రోజు పోతే పోనివ్వండి. ఏ సీయూ అన్నది వెతకక్కర్లేదు, గెట్ ఎక్స్ఛేంజ్‌సర్వర్ కొడితే బిల్డ్ నంబర్ వస్తుంది.

రాజమండ్రి:
నాకు వేరే అనుమానం. పోయిన మెషీన్ సర్టిఫికెట్ ఎలా చూపిస్తుంది? ఆ ఐపీలో ఇప్పుడు ఎవరో ఉన్నారు. బ్రౌజర్‌లో ఆ ఐపీ కొట్టి చూడండి.

కాకినాడ:
ఇది చదివేవాళ్లకి ఒక్క మాట. మెయిలంతా క్లౌడ్‌కి వెళ్లిపోయి, డైరెక్టరీ సింక్ (ఆఫీసు అకౌంట్లని క్లౌడ్‌కి పంపేది) నడుస్తూ, మిగిలింది చివరి సర్వర్ అయితే ఇక్కడ చెప్పినట్టు అన్‌ఇన్‌స్టాల్ చెయ్యకండి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 2019 సీయూ12 నుంచి మేనేజ్‌మెంట్ టూల్స్ ఉంచుకుని సర్వర్‌ని ఆపేసే దారి ఇచ్చారు, ఆపమనే చెప్పారు, అన్‌ఇన్‌స్టాల్ చెయ్యమని కాదు.

భీమవరం అడ్మిన్:
రాజమండ్రి గారూ, దణ్ణం మీకు. ఆ ఐపీ సీసీ కెమెరాల డీవీఆర్‌కి ఇచ్చేశారు మావాళ్లు! డీఎన్ఎస్‌లో (ఏ పేరుకి ఏ ఐపీయో చెప్పేది) పాత పేరు అలాగే ఉంది, సర్వర్ పేరు కింద ఆటోడిస్కవర్ ఎస్‌సీపీ (అవుట్‌లుక్‌కి సర్వర్ దారి చూపే ఎంట్రీ) కూడా ఉంది, దాన్ని పట్టుకుని అవుట్‌లుక్ వెళ్లి డీవీఆర్ తలుపు కొడుతోంది. డీఎన్ఎస్ ఎంట్రీ తీసేస్తే హెచ్చరిక పోయింది.

ఆదివారం కూర్చుని అమలాపురం గారు చెప్పినట్టే చేశానండి. వీఎం లేచింది, అన్‌ఇన్‌స్టాల్ కొడితే పాత డేటాబేస్‌లో ఆర్బిట్రేషన్ మెయిల్‌బాక్సులు (ఎక్స్ఛేంజ్ తన సొంత పనులకి వాడుకునేవి) ఉన్నాయని ఆగిపోయింది. మనుషుల మెయిల్‌బాక్సులే చూశాం గానీ అవి అక్కడున్నాయని మాకు తెలియనే తెలియదు. ఫైళ్లు ఎలాగూ లేవు కాబట్టి సెట్ మెయిల్‌బాక్స్‌తో వాటి డేటాబేస్‌ని 2019 వైపు మార్చి, పాత డేటాబేస్ తీసేసి మళ్లీ నడిపాను, ఈసారి చివరిదాకా వెళ్లింది. తణుకు గారూ, మీ మాట మీద సిస్టమ్ స్టేట్ బ్యాకప్ కూడా తీసే మొదలెట్టానండి. సాయంత్రం కాకినాడ కంట్రోలర్‌లో చూశాను, సర్వర్స్ కింద ఒక్క పేరే ఉంది.