ట్రాక్ ఉన్న స్టేడియంలో ముందు వరుసలు పెంచితే చాలా, లేక చిన్న సొంత గ్రౌండ్ మేలా?

ఓవర్‌ల్యాప్:
గచ్చిబౌలి బాలయోగి స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది కాబట్టి ఫుట్‌బాల్ గ్రౌండ్ చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్ ఉంటుంది. 2024లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ అక్కడే ఆడారు. గ్యాలరీ ఎంత దూరమో టీవీలోనే తెలిసిపోతుంది. ఇలాంటి స్టేడియాన్ని హోమ్ గ్రౌండ్‌గా పెట్టుకున్న క్లబ్ ట్రాక్ మీదికి నాలుగు వరుసలు పొడిగించుకుంటే సరిపోతుందా? లేక 10–12 వేల సీట్లతో సొంతంగా కట్టుకోవడమే దారా? ఆవేశం పక్కన పెట్టి కొలతలతో చెప్పండి.

గ్యాలరీ_లెక్క:
మీరు "నాలుగు వరుసలు" అని మాటవరసకి అన్నారు గానీ లెక్క కూడా సరిగ్గా అక్కడే ఆగుతుంది. చూడండి.

ప్రామాణిక 400 మీటర్ల ట్రాక్‌లో నేరు భాగం 84.39 మీ., వంపు లోపలి వ్యాసార్ధం 36.5 మీ. కాబట్టి లోపలి ఖాళీ 73 మీ. వెడల్పు, 157.39 మీ. పొడవు. అందులో 105 × 68 మీ. గ్రౌండ్ గీస్తే టచ్‌లైన్ (పొడవు వైపు గీత) పక్కన 2.5 మీ., గోల్‌లైన్ (గోల్ ఉండే వైపు గీత) వెనక 26 మీ. మిగులుతాయి. ఆపైన ఎనిమిది లేన్లు, లేనుకి 1.22 చొప్పున 9.76 మీ. కంచె, నడిచే దారి కూడా కలిపితే పక్క స్టాండ్ మొదటి వరుస 15 మీ. దూరాన, గోల్ వెనకది దాదాపు 40 మీ. దూరాన పడతాయి. ఇటలీలోని ట్యూరిన్‌లో యువెంటస్ క్లబ్ కట్టుకున్న స్టేడియంలో మొదటి వరుస 7.5 మీటర్లకే ఉంటుంది.

ఇక చూపు సంగతి. వెనకవాడి కంటి నుంచి దగ్గరి టచ్‌లైన్‌కి గీసిన గీత, ముందువాడి కంటికి ఎంత పైనుంచి పోతుందో దాన్ని సి-విలువ అంటారు. 60 మి.మీ. కనీసం, 90 అయితే బాగు, 120 ఉంటే ముందువాడు టోపీ పెట్టుకున్నా గొడవ లేదు. ఇప్పుడున్న మొదటి వరుసవాడి కన్ను గ్రౌండ్‌కి 2 మీ. ఎత్తున, టచ్‌లైన్‌కి 15 మీ. దూరాన ఉందనుకోండి. వరుస లోతు 0.8 మీ. 90 మి.మీ. తగ్గకుండా ముందుకి దిగుతూ వస్తే కన్ను ఉండాల్సిన ఎత్తు 14.2 మీ. దగ్గర 1.80, 13.4 దగ్గర 1.61, 12.6 దగ్గర 1.42, 11.8 దగ్గర 1.24. కూర్చున్నవాడి కన్ను పాదాలకి 1.2 మీ. పైన ఉంటుంది. అంటే నాలుగో వరుసకే నేల తగిలింది, ఐదోదానికి గొయ్యి తవ్వాలి. ఇంత చేస్తే దగ్గరికొచ్చింది 3.2 మీటర్లు.

అది కూడా ప్రకటన బోర్డులు లేకపోతేనే. టచ్‌లైన్‌కి 4 మీ. బయట 90 సెం.మీ. ఎల్‌ఈడీ బోర్డు పెట్టారంటే, కొత్త ముందు వరుసవాడికి టచ్‌లైన్ నుంచి లోపలికి 16 మీ. వరకు నేలే కనపడదు. ఇవతలి వింగర్ (టచ్‌లైన్ పక్కన ఆడేవాడు) తొడల నుంచి పైకే కనిపిస్తాడు, బంతి అసలు కనపడదు. క్లబ్‌వాళ్లు మాత్రం ఆ వరుసకే ఎక్కువ రేటు పెడతారు!

నిజంగా దగ్గరికి తేవాలంటే గ్రౌండ్‌ని కిందికి దించాలి. జర్మనీలోని స్టుట్‌గార్ట్ స్టేడియంలో 2009–11 మధ్య చేసిందదే: ట్రాక్ తీసేసి, గ్రౌండ్‌ని మీటరుకు పైగా దించి, గోల్ వెనక స్టాండ్లు పడగొట్టి దగ్గరగా మళ్లీ కట్టారు. దించితే వాననీళ్లు వాటంతట అవి బయటికి పోవు, పంపులు పెట్టాలి. గచ్చిబౌలి వైపు మీటరు తవ్వితే గ్రానైట్ తగలదని ఏ కాంట్రాక్టరూ రాసివ్వడు.

పచ్చిక_పని:
పై లెక్కకి ఇంకొకటి కలపండి, కార్నర్లు. గోల్‌లైన్, ట్రాక్ వంపు మొదలయ్యాక 10.3 మీ. లోపల పడుతుంది. అక్కడ లోపలి ఖాళీ 70 మీటర్లకి తగ్గిపోతుంది. కార్నర్ జెండాకి, ట్రాక్ అంచుకి మధ్య పక్కవైపు మిగిలేది 1 మీటరే. గోల్ ముందుకి బంతి కొట్టడానికి (క్రాస్) పక్క నుంచి పరిగెత్తినవాడు బూటు కింది స్టడ్స్‌తో నేరుగా సింథటిక్ ట్రాక్ మీదికి వెళ్లి జారతాడు. అందుకే ఆట ముందు 5 సెం.మీ. ఎత్తుండే అల్యూమినియం అంచు ఊడదీసి, ఆ మేర ట్రాక్ మీద కృత్రిమ పచ్చిక పరవాలి. అతుకు దగ్గర ఎత్తుతేడా ఉంటే చీలమండ మెలిపడేది అక్కడే. అథ్లెట్లు జావెలిన్, హామర్ విసిరేదీ ఈ పచ్చిక మీదే. ఆ గుంటల్లో ఇసుక కొట్టి పూడ్చినా వేరు పట్టడానికి వారాలు పడుతుంది.

సొంత గ్రౌండ్ అయితే మన ఎండకి బెర్ముడా గడ్డి. కింద 10 సెం.మీ. సన్న కంకర, పైన 30 సెం.మీ. ఇసుక. ఇసుక మరీ మెత్తనైతే నీరు నిలుస్తుంది. గింజలన్నీ ఒకే సైజులో ఉంటే స్టడ్ తిప్పగానే పెళ్లలు లేస్తాయి. నది ఇసుక లారీ దింపించి జల్లెడ పరీక్ష లేకుండా పరిచేస్తే రెండు సీజన్లలోనే తేడా బయటపడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల కిందికి పోతే బెర్ముడా ఎదుగుదల మందగిస్తుంది. ఆటలు ఎక్కువుండేదీ అప్పుడే. అక్టోబరులోనే రై గడ్డి విత్తనం చల్లితే పచ్చగా ఉంటుంది, కాకపోతే ఎండలు ముదిరేటప్పుడు బెర్ముడాకి అది పోటీ అవుతుంది.

పైకప్పు విషయంలో ఆశపడొద్దు. మిలాన్‌లోని సాన్ సిరో స్టేడియానికి 1990 ప్రపంచకప్ కోసం మూడో అంతస్తు, కప్పు వేశాక వెలుతురు, గాలి తగ్గి ఏళ్ల తరబడి పచ్చికతో తిప్పలు పడ్డారు. బెర్ముడాకి నీడ అసలే పడదు. పడమటి స్టాండ్‌కి కప్పు వేసి మిగతావి వదిలేయండి.

ఓవర్‌ల్యాప్:
గోల్ వెనక 26 మీ. ఖాళీ ఉందన్నారు కదా. ట్రాక్ ముట్టుకోకుండా అక్కడ విప్పుకునే స్టాండ్ వేయొచ్చా?

గ్యాలరీ_లెక్క:
వేయొచ్చు. ఉన్నవాటిలో పనికొచ్చే ఉపాయం అదొక్కటే. గోల్‌లైన్‌కి 7.5 మీ. వెనక మొదలుపెట్టి, 0.75 మీ. లోతుతో 15 వరుసలు వేస్తే 11.25 మీ. పడుతుంది. చివరి వరుస దగ్గర వంపు లోపలి వెడల్పు 44 మీ. ఉంటుంది, కాబట్టి 40 మీ. వెడల్పు స్టాండ్ లేన్ల మీదికి పోకుండా పడుతుంది. 1.2 మీ. దారులు రెండు తీసేస్తే వరుసకి 75 సీట్లు, మొత్తం 1,100 చిల్లర. పాటలు పాడే అభిమానుల్ని అక్కడ కూర్చోబెడితే గోలకి గోల, టీవీకి టీవీ.

రెండు జాగ్రత్తలు. గోల్ వెనక ఆ అర్ధచంద్రాకారపు ఖాళీలో హైజంప్ కోసం సింథటిక్ ఉపరితలం ఉంటుంది, మందం 13 మి.మీ. చిల్లర. పైపు కాళ్లు నేరుగా ఆనితే అచ్చులు పడి లేవవు. కింద రబ్బరు, దాని మీద ప్లైవుడ్, ఆపైన వెడల్పాటి పలక వేసి బరువు పరచాలి. రెండోది, ఈ స్టాండ్ వెనక ఉన్న పాత గ్యాలరీ కింది వరుసలకి గోల్ కనపడదు. అవి మూసేసి టికెట్లు ఆపాలి.

అవే_టికెట్:
కొలతలు ఒప్పుకుంటాను గానీ, వెంటనే సొంతం కట్టేయమంటే ఒప్పుకోను. ట్యూరిన్‌లో యువెంటస్ పాత స్టేడియం డెల్లే ఆల్పీ కథ చూడండి. 1990 ప్రపంచకప్ కోసం ట్రాక్‌తో కట్టిన దాదాపు 69 వేల సీట్ల స్టేడియం. 2001–02 కొప్పా ఇటాలియాలో (ఇటలీ దేశవాళీ కప్) సంప్‌డోరియాతో ఆటకి వచ్చింది 237 మంది. యువెంటస్ దాన్ని కూల్చి అదే చోట 2011లో 41 వేలకే కట్టింది. సీట్లు తగ్గించడం వాళ్లకి కలిసొచ్చింది. లండన్ క్లబ్ బ్రెంట్‌ఫర్డ్ 2020లో 17,250 సీట్లతో ఆగి, ఖర్చు పంచుకోడానికి ఒక రగ్బీ క్లబ్‌ని అద్దెకి పెట్టుకుంది. రెండోవైపు, లండన్‌లోనే ఉన్న వెస్ట్ హామ్ క్లబ్ 2016లో 99 ఏళ్ల లీజుతో లండన్ ఒలింపిక్ స్టేడియానికి వెళ్లింది. కింది సీట్లు ట్రాక్ మీదికి జరిగేవే. వాటిని వెనక్కీ ముందుకీ జరపడానికి స్టేడియం యజమానులకి మిలియన్ల పౌండ్లు అయ్యాయి. ఇంతా చేసినా కింది, పై అంతస్తుల మధ్య ఖాళీ అలాగే ఉంది.

కాబట్టి క్లబ్‌కి ముందు కావాల్సింది స్కానర్ లెక్క. ఫ్రీ పాసులు తీసేసి, గేటులో స్కాన్ అయిన టికెట్ల సగటు తీయండి. రెండు మూడు సీజన్లు అద్దె స్టేడియంలో పక్క స్టాండ్ల మధ్య భాగం, పైన చెప్పిన గోల్ స్టాండ్లు మాత్రమే అమ్మండి. మూల గ్యాలరీలు తెరవొద్దు, సెక్యూరిటీ ఖర్చు తప్ప ఒరిగేదేం లేదు. సగటుకి ఒకటిన్నర రెట్లు కట్టండి, మూలలు ఖాళీగా ఉంచి తర్వాత పెంచుకోండి. అజీజ్‌నగర్‌లో శ్రీనిధి దక్కన్ క్లబ్ డెక్కన్ అరీనా ఎలా ఉందో ఒకసారి వెళ్లి చూడండి, ట్రాక్ లేకపోతే తేడా కళ్లకే తెలుస్తుంది.

స్థలం కొనేముందు బయటికి పోయే దారులు లెక్కేయండి. బ్రిటిష్ భద్రతా మార్గదర్శకాల ప్రకారం స్టాండ్ 8 నిమిషాల్లో ఖాళీ కావాలి. మెట్ల మీద మీటరు వెడల్పుకి నిమిషానికి 66 మంది, చదును దారిలో 82 మంది. 12 వేల మందికి మెట్ల దారులన్నీ కలిపి 23 మీటర్లు కావాలి. ఒక గేటు ఏ కారణంగానో మూతపడ్డా మిగతావి సరిపోవాలి కాబట్టి ఇంకాస్త ఎక్కువే తీసుకోండి. స్థలం చవగ్గా వచ్చిందని ఒకవైపే రోడ్డున్నది కొంటే, ఆ 23 మీటర్లూ ఒకే సందులోకి తెరుచుకుంటాయి.